క్లయింట్ కుర్చీలో 14 నెలలు

"నాన్న ఈ వారం కూడా మందులు సరిగ్గా వేసుకోలేదు" అన్నాను.

మా సూపర్‌వైజర్ మేడమ్ రాస్తున్న పెన్ను ఆపి, తలెత్తి, "ఎవరు?" అని అడిగారు.

నేను చెబుతున్నది నా క్లయింట్ గురించి. 67 ఏళ్ల రిటైర్డ్ లెక్చరర్. భార్య పోయిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదని నా దగ్గరికి వస్తున్నారు. (ఆయన వయసు, ఉద్యోగం, ఊరు అన్నీ మార్చి రాస్తున్నాను. నాకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.) ఆయన పేరు చెప్పాల్సిన చోట నా నోట్లోంచి "నాన్న" అని వచ్చింది. మేడమ్ అడిగేదాకా ఆ సంగతి నాకు తెలియనే లేదు.

అది 2022 ఆగస్టు. విజయవాడలో నేను క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. వారానికి 22 మందిని చూసేదాన్ని. కష్టమైన కేసులున్నప్పుడు నెలకు రెండుసార్లు ఈ మేడమ్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం అలవాటు.

ఆ రోజు ఆవిడ నా అపాయింట్‌మెంట్ల డైరీ తీయమన్నారు. అందరికీ 50 నిమిషాలు. ఆయనకు మాత్రం గంటా ఇరవై, గంటన్నర. రాత్రి పదింటికి ఆయన ఫోన్ చేస్తే ఎత్తుతున్నాను. వంటగదిలో గిన్నెలు సర్దుకుంటూ కూడా మాట్లాడుతున్నాను. రెండు నెలలుగా ఫీజు తీసుకోవడం లేదు. ఆయన పెన్షన్ వచ్చే మనిషి, ఇవ్వలేని పరిస్థితేమీ లేదు. "ఈ 22 మందిలో ఇంకెవరికైనా ఇలా చేస్తున్నావా?" అని అడిగారు. ఎవరికీ చేయడం లేదు.

"ఆయన మంచికోసమే కదా మేడమ్" అన్నాను.

"మంచి జరిగిందా? ఏప్రిల్‌లో వచ్చినప్పుడు నాలుగు గంటలు పడుకునేవాడని రాశావు. ఇప్పుడూ నాలుగు గంటలే. పైగా నీతో ఫోన్‌లో మాట్లాడడం కోసం పదింటిదాకా మేలుకుని కూర్చుంటున్నాడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిద్ర పట్టని మనిషిని నేనే రోజూ రాత్రి మేలుకోబెడుతున్నాను.

"సూపర్‌విజన్ అంటే కేసు గురించి మాట్లాడుకోవడం. ఇది నీ గురించి. నా దగ్గర తేలేది కాదు, నేను తేల్చడం సబబు కూడా కాదు. ఎవరి దగ్గరికైనా వెళ్లమ్మా" అన్నారు మేడమ్.

మా నాన్నగారు 2021 మే నెలలో, కోవిడ్ సెకండ్ వేవ్‌లో పోయారు. ఐసీయూలో తొమ్మిది రోజులు ఉన్నారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు కానీ ఫోన్ దగ్గర ఉంచుకోనిచ్చారు. ఆ రోజుల్లో నేను, ఇంకొంతమంది కలిసి సాయంత్రాలు ఉచితంగా ఫోన్ కౌన్సెలింగ్ చేసేవాళ్లం. ఇప్పుడైతే మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్, టెలీ మానస్ 14416 ఉంది. అది 2022 అక్టోబర్‌లో వచ్చింది. మా అప్పటి రోజుల్లో మాలాంటి చిన్న చిన్న గుంపులు ఎక్కడికక్కడ నంబర్లు పెట్టుకుని మాట్లాడేవి. ఎనిమిదో రోజు సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు నాన్నగారు ఫోన్ చేశారు. నేను ఇంకో ఫోన్‌లో ఉన్నాను. అవతల ఒకావిడ, భర్తకు ఆక్సిజన్ బెడ్ దొరకలేదని ఏడుస్తోంది. ఆవిడను మధ్యలో ఆపలేక, అయ్యాక చేద్దాంలే అనుకున్నాను. ఐదింటికి చేస్తే ఎత్తలేదు. రాత్రి నర్సు ఎత్తి, వెంటిలేటర్ పెట్టారని చెప్పింది. తెల్లారేసరికి అయిపోయింది.

ఆ మిస్డ్ కాల్ సంగతి నేనెవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. ఫోన్ మార్చేటప్పుడు ఆ ఒక్క లైనునూ స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

నాన్నగారు ఫోన్ పెట్టేసే ముందు ఎప్పుడూ "ఉంటానమ్మా" అనేవారు. లెక్చరర్ గారు కూడా అదే అంటారు. మన దగ్గర ఆ వయసు వాళ్లందరూ అనే మాటే. కానీ రాత్రిపూట ఆయన గొంతులో అది వినబడగానే నేను "ఒక్క నిమిషమండీ, రేపు టిఫిన్ ఏం చేసుకుంటున్నారు?" అనో, ఇంకోటో అడిగి ఆపేదాన్ని. ఎందుకు ఆపుతున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇదే పని ఇంకో థెరపిస్టు చేస్తే రెండు నిమిషాల్లో పట్టేసేదాన్ని.

దీనికి మా చదువులో పేరుంది, కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. థెరపిస్టు తన పాత బంధాల తాలూకు భావాలను తెలియకుండా క్లయింట్ మీదికి తెచ్చుకోవడం. మనసు లోతుల్లో ఉన్నదాన్ని మాటలతో బయటికి తెచ్చే సైకోఎనాలిసిస్ చికిత్సను మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1910లోనే దీని గురించి మాట్లాడాడు. దీనిమీద నేను పరీక్షలో జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న రెండేళ్ల ఎంఫిల్ నాది. వార్డుల్లో పని, కేసు ప్రెజెంటేషన్లు, టెస్టులు, థీసిస్ అన్నీ ఉన్నాయి. క్లయింట్ కుర్చీలో ఒక్క గంట కూర్చోమని మాత్రం ఎవరూ అడగలేదు. మా బ్యాచ్‌లో ఎవరైనా "నేను థెరపీకి వెళ్తున్నాను" అంటే ఆ మనిషి ఈ పనికి పనికిరాదేమో అన్నట్టు చూసేవాళ్లం. నేనూ అలాగే చూశాను. ఒక జూనియర్ అమ్మాయి విషయంలో అలా చూసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

మన దగ్గర లేదు కానీ, థెరపిస్టు తానూ థెరపీకి వెళ్లాలన్న ఆలోచన కొత్తదేం కాదు. బెర్లిన్‌లో 1920లో మొదలైన సైకోఎనాలిసిస్ సంస్థలో, చికిత్స నేర్చుకునేవాళ్లు ముందు తాము ఎనాలిసిస్ చేయించుకోవాలన్న నియమం ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఫ్రాయిడ్ 1937లో, అంటే ఎనభై ఏళ్ల వయసులో, ఇంకో అడుగు ముందుకు వేసి, ఎనలిస్టులు ప్రతి ఐదేళ్లకోసారి మళ్లీ ఎనాలిసిస్‌కి వెళ్లాలని, అందుకు సిగ్గుపడకూడదని రాశాడు. సిగ్గు మాట ఆయన కావాలని ఎత్తాడు చూడండి. అప్పటికీ ఇప్పటికీ అడ్డుపడేది అదే.

థెరపీకి వెళ్తానని అమ్మతో చెబితే, "ఊరందరికీ చెప్పేదానివి నువ్వు. నీకు ఇంకొకరు చెప్పాలా?" అంది. కాసేపాగి, "ఇంట్లో సంగతులన్నీ చెబుతావా అక్కడ?" అని అడిగింది. ఈ రెండో ప్రశ్న మా క్లయింట్ల ఇళ్లలో రోజూ పుట్టేదే. వాళ్ల అమ్మలకు నేను 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గురించి, అందులో గోప్యత హక్కు గురించి చెబుతాను. మా అమ్మ అడిగితే నాకు ఆ చట్టం గుర్తుకే రాలేదు. "అన్నీ చెప్పనులే" అన్నాను. ఇంటి గుట్టు బయటపెట్టడానికి వెళ్తున్నానన్న తప్పు చేసిన భావంతోనే మొదటిసారి బయల్దేరాను. క్లయింట్లు గుమ్మం దాటే ముందే ఎంత మోసుకొస్తారో ఆ రోజు అర్థమైంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇంకో పెద్ద టెన్షన్. విజయవాడ, గుంటూరులో ఈ పని చేసేవాళ్లందరం ఒకరికొకరం తెలుసు. కలిసి చదువుకున్నవాళ్లో, కేసులు పంపించుకునేవాళ్లో, పెళ్లిళ్లలో కలిసేవాళ్లో. తెలిసినవాళ్ల దగ్గర థెరపీ చేయించుకోకూడదు. ఆ రోజుల్లో నాకు గిరీంద్రశేఖర్ బోస్ తరచూ గుర్తొచ్చేవారు. 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టిన డాక్టరు ఆయన. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు కానీ ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఆయన మొదలుపెట్టేనాటికి దేశంలో ఆయనను కూర్చోబెట్టి వినడానికి ఇంకో ఎనలిస్టు లేడు. తన మనసును తనే పరిశీలించుకున్నారు. వందేళ్ల తర్వాత కూడా మన చిన్న ఊళ్లలో పనిచేసే కౌన్సెలర్ల పరిస్థితి దానికి మరీ దూరంగా లేదు.

మొదట ఒకరి దగ్గరికి వెళ్లి మూడు సెషన్లతో మానేశాను. ఆయన మంచివారే. కానీ నేనూ ఇదే పని చేస్తానని తెలియగానే ఇద్దరం ప్రొఫెషనల్స్ అయిపోయాం. "మీకు తెలియనిదేముంది", "ఇది మీకు నేను చెప్పక్కర్లేదు" అంటూ మొదలుపెట్టేవారు. నేనూ సులువుగా అందులోకి జారిపోయాను. నా దుఃఖం గురించి నేనే కేసు ప్రెజెంటేషన్ ఇచ్చాను. మూడు గంటలూ చక్కగా గడిచిపోయాయి, కళ్లల్లో నీటి చుక్క రాలేదు. థెరపిస్టు థెరపీకి వెళ్తే జరిగే మొదటి పొరపాటు ఇదేనని నా అనుభవం. రెండు వైపులా దాక్కోవడానికి చోటుంటుంది.

రెండోసారి హైదరాబాద్‌లో ఒక పెద్దావిడ దొరికారు. అరవై దాటిన మనిషి. పొద్దున ఆరింటి ప్రాంతంలో శాతవాహన ఎక్కితే ఖమ్మం, వరంగల్, కాజీపేట మీదుగా మధ్యాహ్నానికి సికింద్రాబాద్. సాయంత్రం మళ్లీ అదే బండి. 2022 అక్టోబర్ నుంచి 2023 డిసెంబర్ దాకా మొత్తం 31 సెషన్లు. అందులో 11 రైలెక్కి వెళ్లినవి, మిగతావి వీడియో కాల్‌లో. ఇంట్లో అమ్మ ఉంటుంది కాబట్టి ఆ కాల్స్ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కారులో అద్దాలు ఎక్కించుకుని చేసేదాన్ని. ఏసీ వేస్తే ఇంజన్ చప్పుడు, వేయకపోతే చెమట. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి అద్దం తట్టాడు. అంతకుముందు, క్లయింట్లు మేడ మీద నుంచో బాత్‌రూమ్ నుంచో కాల్ చేస్తే "ఇంకొంచెం ప్రశాంతమైన చోటు దొరకదా?" అని అడిగేదాన్ని. దొరికితే అక్కడే కూర్చునేవాళ్లు కదా. ఆ ప్రశ్న తర్వాత ఎవరినీ అడగలేదు.

మొదటి రోజు ఆవిడ ఆఫీసుకు నలభై నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నాను. ఫారంలో "వృత్తి" అన్న చోట "ఉద్యోగం" అని రాశాను. పక్క కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు, నా పేరు గట్టిగా పిలుస్తారేమోనని గుండె దడదడలాడింది. తొమ్మిదేళ్లు మా క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి పేర్లు గట్టిగానే పిలిచేది. ఏ రోజూ నా చెవికి అది తప్పుగా వినబడలేదు.

లోపలికి వెళ్లాక నేను పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. "నాకు అన్‌రిజాల్వ్‌డ్ గ్రీఫ్ (లోపలే ఉండిపోయిన దుఃఖం) ఉందండీ, దాన్ని ఒక క్లయింట్ మీద..." అంటుండగా ఆవిడ మెల్లగా, "ఆ పదం కాసేపు పక్కన పెట్టండి. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. చేతిలో ఉన్న కర్ర లాక్కున్నట్టు అనిపించింది. ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పాను. ఇడ్లీ పిండి పులిసిపోయిందని, ఉప్మా చేశానని చెప్పాను. సాయంత్రం నాలుగు దాకా రాకుండానే సమయం అయిపోయింది. తర్వాత నాలుగు సెషన్లు కూడా నాలుగింటి దాకా రాలేదు.

ఐదో సెషన్‌కి ఆవిడ ఇంటి పని ఇచ్చారు. నాన్నగారు గుర్తొచ్చిన ప్రతిసారీ, అప్పుడేం చేస్తున్నానో, ఒంట్లో ఎలా ఉందో రెండు వాక్యాలు రాయమన్నారు. ఇలాంటివి నేను వందల మందికి ఇచ్చి ఉంటాను. రాయకుండా వస్తే "ఈ వారం కుదరలేదా? పర్లేదు" అంటూనే, ఈ మనిషికి మారాలన్న పట్టుదల తక్కువేమో అని నోట్స్‌లో రాసుకున్న రోజులున్నాయి. నేనేం చేశానో చెబుతాను. పదమూడు రోజులు ఆ పుస్తకం తెరవలేదు. పద్నాలుగో రోజు కాజీపేట దాటాక రైల్లో కూర్చుని పదమూడు రోజులవీ ఒకేసారి రాసేశాను, ఒకే పెన్నుతో, బండి ఊగుడుకు అక్షరాలన్నీ ఒకే వైపు ఒరిగిపోయి. "రోజూ రాశాను" అని ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి చూసి, "తెరవడం కష్టమైందా?" అని మాత్రమే అడిగారు. కష్టమైందండీ అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పానో ఆ గంటంతా మాట్లాడుకున్నాం. ఆవిడ దగ్గర మంచి క్లయింట్ అనిపించుకోవాలనుకున్నాను. ఆవిడకు నామీద విసుగొస్తే నన్ను వదిలేస్తారేమో అనుకున్నాను. 42 ఏళ్ల మనిషిని, ఈ పనిలో ఇంత అనుభవం ఉన్నదాన్ని, బడిపిల్లలా భయపడ్డాను. క్లయింట్లు మాకు చెప్పే చిన్న చిన్న అబద్ధాల వెనక ఈ భయం ఉంటుందని నేను చదివి తెలుసుకోలేదు, ఆ కాగితాల మీద చూసుకున్నాను.

తొమ్మిదో సెషన్‌లో నాలుగు గంటలు వచ్చింది.

అప్పటిదాకా నేను నాన్న గురించి "నాన్నగారు అన్నారు", "నాన్నగారు వెళ్లారు" అనే మాట్లాడుతున్నాను. ఇంట్లో ఎప్పుడూ అలా పిలిచింది లేదు. నువ్వు అనే అనేదాన్ని. నలుగురిలో మాట్లాడేటప్పుడే గారు. మిస్డ్ కాల్ దగ్గరికి వచ్చేసరికి నా మాట ఇంగ్లిష్‌లోకి మారిపోయింది. "హి వాజ్ ఎలోన్ ఇన్ దట్ ఐసీయూ, అండ్ ఐ డిడ్ నాట్ పిక్ అప్" అన్నాను. గొంతు ఏమాత్రం వణకలేదు. వార్తలు చదివినట్టు చెప్పాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, "తెలుగులో చెప్పగలరా?" అన్నారు.

"నాన్నగారు..." అని ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను. "నాన్న ఒక్కడే ఉన్నాడు. నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు."

ఒక్కరే ఉన్నారు అని చెప్పి ఉంటే తట్టుకునేదాన్నేమో. ఒక్కడే ఉన్నాడు అన్న మాట నోట్లోంచి వచ్చేసరికి కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. రెండేళ్లుగా రానిదంతా వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. టిష్యూ డబ్బా ఆవిడ కుర్చీ పక్కనే ఉంది, దాన్ని నా వైపు జరపలేదు కూడా. అంతకుముందు మూడో సెషన్‌లో ఒకసారి కళ్లు తడైతే జరిపారు. అప్పుడు నాకు "ఇక తుడుచుకోండి" అన్నట్టు వినబడి, ఠక్కున ఆపేశాను. ఆ సంగతి ఆవిడకు చెప్పాను కూడా. ఆవిడ గుర్తుపెట్టుకున్నారు. చాలాసేపటి తర్వాత నేనే చెయ్యి చాపి తీసుకున్నాను.

బయటికొచ్చి ఆటో ఎక్కితే, అద్దంలో నా మొహం చూసి డ్రైవర్ "ఏం తల్లీ, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. అవునని చెప్పాను.

ఆ తర్వాత అంతా బాగుపడిపోయిందని రాయలేను. రెండు నెలలు నా పని ముందుకంటే దిగజారింది. ఎవరైనా ఆసుపత్రి మాటెత్తితే నాకు చెవులు మూసుకుపోయేవి. క్లయింట్ చెబుతున్న వాక్యం మధ్యలో నేనెక్కడికో వెళ్లిపోయేదాన్ని. మేడమ్‌తో మాట్లాడి వారానికి 22 మంది నుంచి 14కి తగ్గించుకున్నాను. ఆదాయం తగ్గింది, పైగా సెషన్‌కు 1,800 రూపాయల చొప్పున ఫీజు. థెరపీకి వెళ్లిన థెరపిస్టు వెంటనే మెరుగవుతారన్న మాట నిజం కాదు. పుండు కెలికినప్పుడు ముందు నొప్పే ఎక్కువవుతుంది.

ఆ రోజుల్లో నాకు ధైర్యాన్నిచ్చింది కార్ల్ రోజర్స్ జీవితం. క్లయింట్‌ను మధ్యలో పెట్టుకుని వినడం ఎలాగో ప్రపంచానికి నేర్పిన మనిషి. షికాగో విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ సెంటర్‌లో ఉన్నప్పుడు, 1940ల చివర్లో, తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్న ఒక క్లయింట్‌తో పనిచేస్తూ తన హద్దులు ఎక్కడున్నాయో తెలియని స్థితికి వెళ్లిపోయాడు. కేసు ఇంకొకరికి అప్పగించి, భార్యతో కలిసి రెండు మూడు నెలలు ఊరు విడిచి వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక తన దగ్గర పనిచేసేవాళ్లలోనే ఒకరి దగ్గర థెరపీకి కూర్చున్నాడు. ఆ సంగతి దాచుకోలేదు. అంత పెద్దాయనకు తప్పనిది నాకు తప్పుతుందా అనుకున్నాను.

నా గదిలో మారినవి చిన్న చిన్నవి. రిసెప్షన్‌లో ఇప్పుడు పేర్లు పిలవరు, అమ్మాయి దగ్గరికి వచ్చి మెల్లగా చెబుతుంది. గడియారం నా వెనక గోడ మీద ఉండేది, అంటే క్లయింట్‌కు ఎదురుగా. వాళ్లు దాన్ని చూస్తూ, చెప్పాల్సింది మింగేసేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ కనబడేలా పక్క గోడకు మారింది, పది నిమిషాలుండగా నేనే చెబుతాను. పక్కన స్టోర్‌రూమ్‌గా ఉన్న చిన్న గది ఖాళీ చేయించి ఒక కుర్చీ, అద్దం, మంచినీళ్లు పెట్టాను. ఏడ్చిన మొహంతో నేరుగా రోడ్డు మీదికి వెళ్లక్కర్లేదు, అక్కడ కాసేపు కూర్చోవచ్చు.

మాట కూడా మారింది. మేం ఇంగ్లిష్‌లో చదువుకున్నాం కాబట్టి "దాని గురించి మీకెలా ఫీలింగ్ కలిగింది?" లాంటి ప్రశ్నలు అడుగుతాం. అది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లిష్. ఆ కుర్చీలో కూర్చుని వింటే ఎంత చప్పగా ఉంటుందో తెలిసింది. "ఆ మాట విన్నప్పుడు ఒంట్లో ఏమైంది?" అంటే జవాబు వెంటనే వస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, కడుపులో దేవినట్టు, కాళ్లు చల్లబడ్డట్టు, మనసు మనసులో లేనట్టు. మనవాళ్లు బాధను ఒంటితోనే చెబుతారు. ఎవరైనా ఉన్నట్టుండి ఇంగ్లిష్‌లోకి మారితే ఇప్పుడు నా చెవి నిక్కబొడుచుకుంటుంది. కానీ అందరినీ "తెలుగులో చెప్పండి" అని అడగను. మొదట్లో ఆవిడను అనుకరిస్తూ ఒకరిద్దరిని అడిగాను. ఒకమ్మాయికి ఇంగ్లిషే దాక్కునే చోటు, దాన్ని నేను తొందరపడి లాగేశాను. ఆ అమ్మాయి మూడు వారాలు రాలేదు. మన థెరపిస్టు మనకు చేసిందే అందరికీ మందు అనుకోవడం ఇందులో ఉన్న ఇంకో ప్రమాదం.

నా స్నేహితురాలు ఒకామె ఉంది. ఇదే వృత్తి, నాకంటే బాగా చేస్తుందని నా నమ్మకం. ఎప్పుడూ థెరపీకి వెళ్లలేదు. "పిల్లల్ని కనని డాక్టరమ్మ పురుళ్లు పోయడం లేదా?" అంటుంది. ఆ మాటను కొట్టిపారేయలేను. పరిశోధనలు కూడా ఇదివరకే ఈ చిక్కులో పడ్డాయి. అమెరికాలో జాన్ నార్‌క్రాస్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి చేసిన సర్వేల్లో సుమారు నలుగురు థెరపిస్టుల్లో ముగ్గురు ఎప్పుడో ఒకప్పుడు థెరపీకి వెళ్లినవాళ్లే, వాళ్లలో ఎక్కువమంది తమకు మేలు జరిగిందనే చెప్పారు. అలాంటివాళ్ల క్లయింట్లు మిగతావాళ్లకంటే బాగా కోలుకుంటారా అని కొలిస్తే మాత్రం తేలిక జవాబు రాలేదు. నా గది చూసి నేను చెప్పగలిగింది కొంచెమే. ఆ డాక్టరమ్మ కాన్పు గదిలో తన సొంత బిడ్డను వెతుక్కోదు. నేను వెతుక్కున్నాను, ఆరు నెలలు, ఒక పెద్దాయన నిద్ర పణంగా పెట్టి.

అందుకే చదువులోనే దీనికి చోటుండాలని గట్టిగా కోరుకుంటున్నాను. బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ కోర్సుల్లో కనీసం 40 గంటల సొంత థెరపీ అడగడం మామూలు. మన దగ్గర దాన్ని అలాగే తెచ్చి పెడితే జరిగేది నాకు తెలుసు. కాలేజీలోనే, పాఠం చెప్పే సారు దగ్గరే గంటలు పూర్తిచేయిస్తారు. మార్కులు వేసే మనిషి ముందు ఎవరు ఏడుస్తారు? నా 31 సెషన్లకు ఫీజులే 55,800 రూపాయలయ్యాయి. అప్పు చేసి చదువుకునే పిల్లలు అది ఎక్కడ్నుంచి తెస్తారు? బయటి ఊరి థెరపిస్టుతో, ఫీజు కాలేజీ భరిస్తూ, లోపల ఏం మాట్లాడారో ఎవరికీ చెప్పక్కర్లేకుండా పది గంటలు ఇచ్చినా చాలు. పది గంటల్లో ఏ గాయమూ మానదు. కానీ ఫారంలో వృత్తి దగ్గర చెయ్యి ఎందుకు ఆగుతుందో తెలుస్తుంది.

లెక్చరర్ గారి సంగతి చెప్పాలి. 2022 సెప్టెంబర్‌లోనే, మేడమ్ సాయంతో, ఆయనకు చెప్పాను. సెషన్ 50 నిమిషాలే, ఫోన్ పగటిపూటే, ఫీజు మళ్లీ తీసుకుంటాను, ఇన్నాళ్లూ అలా చేయకపోవడం నా పొరపాటు అని. ఆయన చాలా నొచ్చుకున్నారు. "నేనేమైనా ఇబ్బంది పెట్టానా అమ్మా?" అన్నారు. లేదండీ అని మాత్రం అన్నాను. మా నాన్న కథ చెప్పేసి ఆయన జాలి తీసుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. రెండు వారాలు రాలేదు. తర్వాత వచ్చారు. రాత్రి పదింటికి మాట్లాడేవాళ్లెవరూ లేరన్న విషయం అప్పుడు మొదటిసారి మా మధ్య మాటల్లోకి వచ్చింది. అప్పటిదాకా నేను ఫోన్ ఎత్తుతూ దాన్ని కప్పేస్తూ వచ్చాను. భార్యతో ఆయన రోజూ పడుకునే ముందు అరగంట మాట్లాడేవారట, కరెంటు బిల్లు దగ్గర్నుంచి మనవడి మార్కుల దాకా. అక్కడి నుంచి మెల్లగా పని నడిచింది. మరుసటి వేసవికి ఐదున్నర గంటలు పడుకుంటున్నారు.

2024 జనవరిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు. కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నానని, అక్కడ పొద్దున్నే పార్కులో నలుగురు జత కలిశారని, ఇక రావాల్సిన అవసరం ఉండకపోవచ్చని చెప్పారు. అవసరమైతే ఎప్పుడైనా ఫోన్ చేయండని చెప్పాను. కొంచెంసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"ఉంటానమ్మా" అన్నారు.

"మంచిదండీ. ఉంటాను" అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆయన ఫైలు తీసి, తేదీ వేసి, ఆయన పేరు రాశాను. బయట తర్వాతి క్లయింట్ వచ్చి కూర్చుని అప్పటికే పావుగంట అయింది.